గాడిలో గ్రీజు

మా ఇంట్లో ఇనుప వస్తువు ఏదైనా సరే, గ్రీజు ముట్టకుండా నెల దాటదు. తలుపు బందులు, గేటు గొళ్ళెం, తాళం కప్పలు, గొడుగు పుల్లలు, సైకిలు గొలుసు, ట్రంకు పెట్టె మూత కీళ్ళు, అన్నిటికీ వంతులవారీగా పెడతాను. సముద్రం మధ్య మా ఈ దీవుల్లో ఉన్నవాళ్ళకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. గాలిలోనే ఉప్పు. దానికి తోడు ఏడాదిలో సగానికి పైగా వాన. కొత్త కత్తెర కొని బీరువాలో పెట్టి మర్చిపోతే మూడో నెలకి రెండు రేకులూ కరుచుకుపోతాయి. మా ఆయన పడవల వర్క్‌షాపులో పనిచేసేవారు. ఏ వస్తువు ఇంటికి తెచ్చినా, "కొన్నరోజే గ్రీజు పెట్టు, తుప్పు పట్టాక పెడితే ఎవడికి లాభం" అనేవారు. ఆయన పోయి చాలా ఏళ్ళయినా పసుపు గ్రీజు డబ్బా ఒకటి వంటింటి కిటికీలో ఉంటూనే ఉంది.

ఆ డబ్బాతో నేను నా మనవరాలికి చేసిన పని ఇది. రాయాలని కూర్చుని మూడుసార్లు లేచిపోయాను.

మనవరాలంటే నా కొడుకు కూతురు. కొడుకూ కోడలూ ఉద్యోగాల మీద దీవుల ఉత్తర కొసన దిగ్లీపూర్‌లో ఉంటే, పిల్ల చదువు కోసమని మా ఊరు తుష్నాబాద్‌లో నా దగ్గరే పెరిగింది. పాలిటెక్నిక్ అయింది. తోటి పిల్లలందరూ గవర్నమెంటు పరీక్షల పుస్తకాలు పట్టుకుంటే, దీనికి యంత్రాలు విప్పడమంటే పిచ్చి. టౌన్లో గోల్ ఘర్ దగ్గర ఫోన్లూ కంప్యూటర్లూ బాగుచేసే షాపొకటి ఉంది. ఆ షాపతను మన తెలుగువాడే, తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. మా పిల్ల తనంతట తనే వెళ్ళి అతన్ని పని అడిగింది. అతను ఒక షరతు పెట్టాడట.

"ముందు నీ ల్యాప్‌టాప్ నువ్వే విప్పి, మెమరీ మార్చి, నడిపించి తీసుకురా. లోపల చూస్తాను. నీట్‌గా ఉంటే ఒకటో తారీకు నుంచి ఆ బెంచీ నీదే."

ల్యాప్‌టాప్ ఎలాగూ కొనాల్సిందే. పిల్ల నా దగ్గర కూర్చుని లెక్క చెప్పింది. ఎక్కువ మెమరీ ఉన్నది కంపెనీవాళ్ళే తయారుచేసి ఇస్తే చాలా పిండుకుంటారట. తక్కువది కొనుక్కుని, లోపలి ముక్కలు విడిగా తెచ్చి మనమే వేసుకుంటే బోలెడు మిగులుతుందట.

"మెమరీ అంటే ఏటే?"

"జ్ఞాపకం మామ్మా. అది చిన్నదైతే బండి నత్తలాగా నడుస్తుంది. ఇంకోటి స్టోరేజ్ అని, సామాను దాచుకునే బీరువా అనుకో. రెండూ పెద్దవి వేస్తాను."

"కొత్త సామాను ఎవరైనా విప్పుతారా?"

"నువ్వు రెడీమేడ్ జాకెట్టు తెచ్చుకుని, కుట్లు విప్పి మళ్ళీ కుట్టుకోవా?"

మిగులుతుంది అన్న మాట వింటే నేను మెత్తబడతానని ఆ పిల్లకి చిన్నప్పటి నుంచీ తెలుసు. సరే కానీ అన్నాను. ముక్కలు ఇంటికి రాకముందే చుట్టుపక్కల నలుగురికి చెప్పుకున్నాను కూడా, మా పిల్ల ఎంత పొదుపరో అని.

ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, బల్ల మీద పాత దుప్పటి పరిచి, కొత్త ల్యాప్‌టాప్ దాని మీద పెట్టి పని మొదలుపెట్టింది. ఇడ్లీ రేకు ఒకటి అడిగి తీసుకుంది. ఎందుకంటే, ఏ మూల స్క్రూ ఆ గుంటలో పెట్టుకుంటుందట, కలిసిపోకుండా. ముందు వెళ్ళి కిటికీ ఊచ పట్టుకుంది.

"అదెందుకే?"

"ఒంట్లో కరెంటు పోవడానికి. లేకపోతే ముక్కలు పాడవుతాయి."

"ఒంట్లో కరెంటుండడానికి నువ్వేమైనా ట్రాన్స్‌ఫార్మరువా?"

నవ్వింది కానీ చేతులు మాత్రం నవ్వలేదు. వెనక రేకు ఊడదీసింది. బ్యాటరీ వైరు తప్పించింది. పాత మెమరీ, చిటికెనవేలంత పచ్చ పలక, దాన్ని రెండు గోళ్ళతో పక్కకి నెట్టి పైకి లేపింది. రెండో ముక్కనీ తీసింది. నేను పక్కన కూర్చుని తోటకూర బాగుచేస్తున్నానన్న మాటే గానీ కళ్ళు అక్కడే ఉన్నాయి. అంత శ్రద్ధగా అది అన్నం కూడా తినగా నేను చూడలేదు.

ఇంతలో స్క్రూడ్రైవర్ మొన అరిగి జారిపోతోందని, పక్క వీధిలో స్నేహితురాలి దగ్గర కొత్తది ఉందని లేచింది. గుమ్మం దగ్గర ఆగి చెప్పింది.

"చూస్తే చూడు మామ్మా. ముట్టుకోకు."

వంగి చూశాను. ముక్కలు తీసేసిన చోట రెండు గాళ్ళు ఖాళీగా ఉన్నాయి. వాటిలో దువ్వెన పళ్ళలాగా సన్నగా, పసుపుపచ్చగా మెరుస్తూ ఏవో వరసలు. బంగారం అన్నారంటే నమ్ముతామా, ఇత్తడే అయ్యుంటుంది. ఇత్తడైతే ఈ గాలికి చిలుం పట్టక మానదు. మూసేసి స్క్రూలు బిగించేస్తే మళ్ళీ ఎప్పుడు తెరుస్తారో. ఇంత చదివిన పిల్లకి ఈ చిన్న సంగతి తోచలేదు కదా అని నాలో నేనే అనుకుని, కాస్త గర్వం కూడా పడ్డాను. అగ్గిపుల్ల తెచ్చి, మొనకి గ్రీజు ముంచి, రెండు గాళ్ళలోనూ కాటుక పెట్టినట్టు సన్నగా పెట్టాను. పైకి కనపడిందంతా చీర చెంగుతో తుడిచేశాను. డబ్బా మళ్ళీ కిటికీలో పెట్టి, తోటకూర ముందు కూర్చున్నాను.

పిల్ల వచ్చాక చెప్పలేదు. చెబితే ఒప్పుకోదని తెలుసు. ఆ సంగతి తెలిసి కూడా పెట్టానంటే, తెలీక చేశాను అనడానికి నాకు నోరెక్కడుంది?

అది కొత్త ముక్కలు రెండూ దింపి, రేకు మూసి, బటన్ నొక్కింది. ఏదో చిన్న దీపం వెలిగి ఆరింది. తెర నల్లగానే ఉండిపోయింది. మళ్ళీ విప్పింది, మళ్ళీ పెట్టింది. చివరికి పాత ముక్కలే తిరిగి పెట్టినా తెర వెలగలేదు. ఇడ్లీ రేకు ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. అప్పుడు నేనన్న మాటలు:

"నేర్చుకోకుండా కొత్త సామాను మీద చెయ్యేస్తే ఇంతే. మీ నాన్న చెమటోడ్చి పంపిస్తే నువ్వు ఆటలాడుకున్నావు. ఇదేనా నీ పాలిటెక్నిక్?"

గ్రీజు గుర్తుకు రాలేదా అంటే వచ్చింది. కానీ గ్రీజు వల్ల ఒక వస్తువు చెడిపోతుందని నా బుర్రకెక్కలేదు. తాళానికి మంచిదైంది, సైకిలు గొలుసుకి మంచిదైంది, దీనికెందుకు చెడ్డదవుతుంది అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి గోల్ ఘర్ వెళ్ళాం. పిల్ల ఒక్కతే వెళ్తానంది. నేనే తోడొస్తానని పట్టుబట్టాను, షాపతను ఎక్కువ గుంజకుండా చూసుకోవాలని. షాపులో నలుగురైదుగురు ఉన్నారు. నాకు స్టూలు వేశారు. అతను ల్యాప్‌టాప్ విప్పి, కంటికి అద్దం బిగించుకుని చాలాసేపు చూశాడు. తర్వాత పిన్నుతో గాడిలోంచి కొంచెం గీకి, వేలి మీద రాసుకుని వాసన చూశాడు.

"యే క్యా హై, ఏంటిది? గ్రీజు. పడవ ఇంజన్లకి పెట్టే గ్రీజు ఇది, పక్కా."

అక్కడున్న ఒకతను అన్నాడు, "ల్యాప్‌టాప్‌కి కూడా ఇంజనుంటుందా భయ్యా? సముద్రంలో వేసి తోలుకెళ్ళొచ్చు."

అందరూ నవ్వారు. షాపతను నవ్వలేదు.

"ఎవరు పెట్టారిది?"

పిల్ల నా వైపు చూసింది. రెప్పపాటు, అంతే. దానికి అర్థమైపోయింది. కిటికీలో డబ్బా దానికి తెలియందా?

"నేనే భయ్యా," అంది.

"నువ్వా? ఎందుకు పెట్టావ్?"

పిల్ల బెంచీ మీది స్క్రూలు ఒక వరసలో పేర్చడం మొదలుపెట్టింది.

"అడుగుతుంటే చెప్పవేం? తుప్పు పడుతుందనా? నున్నగా దిగుతుందనా? ఏదో ఒకటి అనుకునే పెట్టుంటావు కదా."

దానికేం తెలుసు చెప్పడానికి? ఎందుకు పెట్టానో తెలిసినదాన్ని నేను. నేను స్టూలు మీద, ఒళ్ళో సంచీ పెట్టుకుని, గోడ మీది క్యాలెండర్లో ఏకాదశి ఎప్పుడొచ్చిందో చూస్తున్నాను. నోరు తెరిస్తే ఆ నలుగురూ నన్ను చూసి నవ్వుతారు. ముసలిదానివి, నీకెందుకు ఇవన్నీ అంటారు. ఆ ఒక్క భయం. ఊరంతటికీ బుద్ధులు చెప్పే మనిషిని, అంత చిన్న నవ్వుకి భయపడి, ఇరవై రెండేళ్ళ పిల్ల వెనక దాక్కున్నాను.

అతను బ్రష్షూ స్పిరిట్టూ తీసుకుని గాళ్ళు రెండూ ఓపిగ్గా కడిగాడు, ఆరనిచ్చాడు, కొత్త ముక్కలు దింపాడు. తెర వెలిగింది.

"సామాను బతికింది, అదృష్టం," అన్నాడు. "ఒకటో తారీకు మాట మాత్రం ఇప్పుడు వదిలెయ్. ఇంకా నేర్చుకో, తర్వాత చూద్దాం."

"జీ భయ్యా."

బస్సులో నాకు కిటికీ సీటిచ్చింది. "నువ్వటు కూర్చో మామ్మా, నీకు కడుపులో తిప్పుతుంది," అంది. ల్యాప్‌టాప్ సంచీని రెండు చేతులతో పొట్టకి ఆనించుకుని కూర్చుంది. నన్ను ఒక మాట తిడుతుందేమోనని తుష్నాబాద్ దాకా ఎదురుచూశాను. తిట్టి ఉంటే నేనూ నాలుగనేసి తేలికపడేదాన్ని. తిట్టలేదు. ఎందుకలా చెప్పావే అని అడుగుదామంటే, అడిగితే నేనెందుకు చెప్పలేదో కూడా మాటల్లోకి వస్తుంది. అడగలేదు.

ఆ వారమంతా ఎప్పటిలాగే ఉంది. నీళ్ళు పట్టింది, బట్టలారేసింది. కానీ నాలుగో రోజు పొద్దున ఎవరి దగ్గరో తెచ్చిన గవర్నమెంటు పరీక్షల పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుంది. పేజీ తిప్పడం లేదు. ఆ బెంచీ దగ్గర కూర్చోవాలని దాని ప్రాణం ఎంత కొట్టుకుందో నాకు తెలుసు, ఒకటో తారీకు ఇంకెంతో దూరం లేదు.

నోటితో చెప్పే ధైర్యం నాకు లేదు. కాగితమైతే చేతిలో పెట్టి వచ్చేయొచ్చు. నేను చదివింది తెలుగు బడిలో నాలుగో తరగతి దాకా. పిల్ల కంట పడకుండా ఇలా రాశాను:

"బాబూ, గ్రీజు పెట్టినది నేను. పిల్ల కాదు. ఉప్పు గాలికి చిలుము పట్టునని పెట్టితిని. పిల్ల ఆ సమయమున ఇంట్లో లేదు. ముట్టుకోవద్దు అని చెప్పి వెళ్ళినది. పిల్లకు పని బాగా వచ్చును. దయచేసి పని ఇవ్వవలెను."

మడిచి తీసుకెళ్ళి, షాపతని చేతిలో పెట్టి, వెనక్కి తిరిగాను.

"ఉండండమ్మా. ఇది తెలుగు కదా?"

"అవును బాబూ."

"మాట్లాడతాను గానీ చదవడం రాదు. నేను హిందీ మీడియం." షాపులో కూర్చున్న వాళ్ళ వైపు చూశాడు. వాళ్ళకీ రాదు. "మీరే చదివేయండి, ఏముంది," అంటూ కాగితం తిరిగి నా చేతిలో పెట్టాడు.

ఇక్కడ పుట్టిన పిల్లలకి తెలుగు అక్షరాలు రావని నాకు తెలియని సంగతా? నా మనవరాలికే రాదు. రాసేటప్పుడు తోచనే లేదు. కళ్ళజోడు పెట్టుకుని, షాపు మధ్యలో నిలబడి, బడిలో పాఠం అప్పజెప్పినట్టు మొదటి నుంచి చివరి దాకా చదివాను. "పెట్టితిని" దగ్గర ఆగి కళ్ళజోడు సర్దుకున్నాను. చదవడం అయ్యాక చూస్తే ఎవరూ నవ్వడం లేదు. నవ్వితే బాగుండేది.

షాపతను అడిగాడు, "మరి ఆ రోజు మీరిక్కడే కూర్చున్నారు కదమ్మా. పిల్ల నేనే అంటుంటే..."

ఆ కాగితంలో ఆ ముక్క లేదు. గ్రీజు గురించి రాశాను గానీ స్టూలు గురించి రాయలేదు. నా నోట్లోంచి ఇలా వచ్చింది:

"నాకు చెవులు సరిగ్గా వినపడవు బాబూ. మీరేం మాట్లాడుకున్నారో తెలీలేదు."

"అలాగా అమ్మా," అని గొంతు పెంచాడు. రోడ్డు మీదికి వినపడేలా, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. "గ్రీజు పెట్టిందని కాదు. తప్పులు అందరూ చేస్తారు. ఎందుకు పెట్టావంటే చెప్పలేదు. రేపు కస్టమర్ సామానుకి ఏం చేసిందో చెప్పకపోతే నేనేం చెయ్యాలి? అందుకని వద్దన్నాను. సోమవారం పంపించండి."

నేను చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని తలూపాను. చెవిటివాళ్ళు అలా పెట్టుకోవడం చూశాను కాబట్టి పెట్టుకున్నాను.

ఇంటికొచ్చి పిల్లతో చెప్పాను, షాపుకెళ్ళాను, సోమవారం రమ్మన్నాడు అని. అది పుస్తకం మూసి నా మొహంలోకి చూసింది.

"అంతా చెప్పావా మామ్మా?"

"చెప్పాను."

వారం రోజుల్లో మొదటిసారి నవ్వింది. లేచి వెళ్ళి అల్లం దంచి టీ పెట్టి తెచ్చింది. తాగకపోతే ఏమైందంటుందని తాగాను.

సోమవారం వెళ్ళి సాయంత్రం వచ్చింది. వేలికి ఎక్కడో గీరుకుంది, కళ్ళు మాత్రం వెలుగుతున్నాయి. టిఫిన్ బాక్సు కడుగుతూ, నేను వెనక పీట మీద కూర్చుని ఉంటే, మామూలుగా అంది.

"భయ్యా నీ చెవులు డాక్టరుకి చూపించమన్నాడు."

నేను చింతపండు ఈనెలు తీస్తున్నాను. తల ఎత్తలేదు. కొళాయి కట్టేసింది. ఇంకా మెల్లిగా, పక్కనున్నవాళ్ళకి తప్ప వినపడనంత మెల్లిగా అంది.

"నీకు వినపడదంట కదా మామ్మా."

అప్పుడు కూడా తల ఎత్తలేదు. తీసిన ఈనెల్నే మళ్ళీ వెతుకుతూ కూర్చున్నాను. అది బాక్సు బోర్లించి లోపలికి వెళ్ళిపోయింది. షాపులో నలుగురున్నారని భయపడ్డాను, సరే. వంటింట్లో ఎవరున్నారు? ఆ పిల్లొకతే. దాని ముందు కూడా చెవిటిదానిలా కూర్చోగలిగాను.

మర్నాడు మధ్యాహ్నం బస్సుకి వెళ్ళాను. ఈసారి కాగితం లేదు. షాపతను దూరం నుంచే చూశాడు.

"రండమ్మా, కూర్చోండి," అన్నాడు ఆ పెద్ద గొంతుతో. వీధిలో పోయేవాళ్ళు తిరిగి చూశారు. పిల్ల లోపల బెంచీ దగ్గర, మాకు వీపు పెట్టి, ఏదో యంత్రం విప్పుతోంది.

"గట్టిగా మాట్లాడక్కర్లేదు బాబూ. నాకు బాగానే వినపడుతుంది."

"అలాగే అమ్మా," అన్నాడు ఇంకా గట్టిగా. పక్కనున్నతనితో మాత్రం చిన్నగా చెప్పాడు, "చెవులు వీక్. మా అమ్మమ్మా ఒప్పుకునేది కాదు."

"నా చెవులు వీక్ కాదు," అన్నాను. "మీ అమ్మమ్మ సంగతి నాకు తెలీదు."

అతను ఉలిక్కిపడి నన్ను చూశాడు. కూర్చుంటే ఇక చెప్పలేనని నిలబడే చెప్పాను.

"ఆ రోజూ వినపడింది బాబూ. ఎవరు పెట్టారని నువ్వడిగింది వినపడింది. వీళ్ళు నవ్వింది వినపడింది. పిల్ల నేనే అన్నదీ వినపడింది. నన్ను చూసి నవ్వుతారని ఊరుకున్నాను. చెవులు వినపడవని మొన్న నీతో అబద్ధం చెప్పాను."

షాపతను చేతిలో ఫోను అటూ ఇటూ తిప్పాడు. "సరేనమ్మా," అన్నాడు, మామూలు గొంతుతో. పక్కనున్నతను రోడ్డు వైపు చూడ్డం మొదలుపెట్టాడు.

పిల్ల వెనక్కి తిరగలేదు. చేతిలో స్క్రూడ్రైవర్ మాత్రం ఆగింది. ఏమైనా అంటుందేమోనని నిలబడ్డాను. కాసేపటికి, తల తిప్పకుండానే, ముందురోజు వంటింట్లో అన్నంత మెల్లిగా అంది.

"మూడింటి బస్సు వెళ్ళిపోతుంది మామ్మా."

"ఆఁ, వెళ్తున్నాను," అన్నాను.